కెమెరా దాకా వచ్చే దారి

(ఫిల్మ్‌నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు మీ చేతిలోని ఆహ్వానపత్రిక మీద ఉంది. నాకు ఆయన మేనమామ. బుద్ధెరిగినప్పటినుంచి ఆయన్ని పేరు పెట్టి అన్నది లేదు, ఇవాళ మైకు ముందు కొత్తగా మొదలుపెట్టలేను. మామయ్య అనే అంటాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఆయన్ని ‘మేనేజరుగారూ’ అనే పిలిచారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదనుకుంటాను.

నేను సినిమావాణ్ని కాను. బాలానగర్‌లో యంత్రాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ప్లానింగ్ చూసి రిటైరైనవాణ్ని. మామయ్య ప్రొడక్షన్ మేనేజరు. పండక్కి అందరం ఒకచోట చేరితే షూటింగ్ ఎందుకు లేటయిందో ఆయన చెప్పేవారు, మా మెషీన్ ఎందుకు ఆగిందో నేను చెప్పేవాణ్ని. అత్తయ్య వడ్డిస్తూ రెండూ వినేది. “మామా అల్లుళ్లిద్దరికీ ఒకటే రోగం” అనేది. ఇవాళ ఆ రోగం గురించే మాట్లాడతాను.

ఫ్యాక్టరీల్లో యంత్రాన్ని కొలిచే లెక్క ఒకటుంది. ఓఈఈ అంటారు, అంటే ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్. జపాన్‌లో టీపీఎం అనే నిర్వహణ పద్ధతికి ఆద్యుడైన సెయిచి నకజిమా దీన్ని వాడుకలోకి తెచ్చాడు. అడిగేవి మూడు ప్రశ్నలు. నడవాల్సిన సమయంలో యంత్రం ఎంతసేపు నడిచింది? నడిచినంతసేపూ నడవాల్సిన వేగంతోనే నడిచిందా? చేసిన పీసుల్లో మంచివెన్ని? ఈ మూడు భిన్నాలనీ గుణిస్తే వచ్చేదే ఓఈఈ. 90, 95, 99 శాతాలు సాధిస్తే గుణకారం 85 దగ్గరకు వస్తుంది. ప్రపంచస్థాయి అని మేనేజర్లు గోడలకు అంటించుకునే 85 శాతం అక్కణ్నుంచి వచ్చిందే.

ఊరికే చెబితే అర్థం కాదు, ఒక లెక్క వేసి చూద్దాం. ఎనిమిది గంటల షిఫ్టు అంటే 480 నిమిషాలు. భోజనం, టీ తీసేస్తే 450. అందులో జాబ్ మార్చడానికి, అంటే ఒక ఫిక్చర్ దింపి ఇంకోటి బిగించడానికి, 60 నిమిషాలు పోయాయనుకోండి. ముడిసరుకు రాక, ట్రాలీ దొరక్క, క్రేన్ ఖాళీ లేక ఇంకో 50 పోయాయి. మెషీన్ నిజంగా చెడిపోయింది మాత్రం 15 నిమిషాలే. మిగిలినవి 325. పీసుకి రెండున్నర నిమిషాలు పట్టాలి. సాయంత్రానికి 117 పీసులొచ్చాయి, మూడు రిజెక్టయ్యాయి. మంచివి 114. రెండున్నరతో గుణిస్తే 285 నిమిషాల మంచి పని. 450లో 285 అంటే 63 శాతం.

ఇప్పుడు మెయింటెనెన్స్ వాళ్లను పిలవకుండా, మెషీన్ మీద ఒక్క నట్టు కూడా తిప్పకుండా ఆ 50 నిమిషాల ఎదురుచూపు తీసేయండి. ఫిక్చర్ ముందే తెప్పించి పక్కన పెట్టుకుని 60ని 20 చేయండి. 63 కాస్తా 81 దగ్గరకు వెళ్తుంది. చెడిపోయిన 15 నిమిషాల జోలికి మనం పోనేలేదు.

నేను చెప్పదలచుకున్న సంగతి ఈ లెక్కలోనే ఉంది. ఖరీదైన యంత్రం ఎంత పని చేస్తుందన్నది చాలావరకు యంత్రం బయట, దాని దగ్గరకు వస్తువులు వచ్చే దారిలో తేలిపోతుంది. మా ఫ్యాక్టరీల్లో మాత్రం ఓఈఈ తగ్గిందనగానే మెయింటెనెన్స్ ఇంజినీరును నిలబెట్టి అడుగుతారు. స్టోర్స్ వాళ్లని అడిగినవాళ్లని నేను చూడలేదు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాణ్ని అసలే అడగరు.

ఈ విషయాన్ని గట్టిగా పట్టుకున్నవాడు జపాన్ ఇంజినీరు షిగెయో షింగో. 1950లో హిరోషిమాలో టోయో కోగ్యో ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఇప్పుడు మాజ్డా కార్లు చేసేది ఆ కంపెనీయే. అక్కడ పెద్ద పెద్ద ప్రెస్సులున్నాయి, అన్నిటికన్నా పెద్దది 800 టన్నులది. అవే మా ఇరుకు, పనంతా అక్కడే ఆగిపోతోంది, కొత్త ప్రెస్సులు కొనాలి అంటున్నారు యాజమాన్యంవాళ్లు. షింగో ముందు నిలబడి చూస్తానన్నాడు. ప్రెస్సులో బిగించే అచ్చు, అంటే డై, మార్చే సమయం వచ్చింది. కొత్త డై బిగించబోతే ఒక బోల్టు కనపడలేదు. పనివాడు వెతకడానికి వెళ్లాడు. గంట దాటాక తిరిగొచ్చాడు, చేతిలో బోల్టు ఉంది. పక్క మెషీన్ తాలూకు పొడవైన బోల్టు తీసుకుని, కోసి, మర కొట్టి తెచ్చాడట. మరి ఆ పక్క మెషీన్ బిగించాల్సి వస్తే దానికి బోల్టేది అని షింగోకి అనుమానం వచ్చింది.

ఆ గంటసేపూ 800 టన్నుల ప్రెస్సు ఊరికే నిలబడి ఉంది. దానికేమీ కాలేదు. నూనె సరిగ్గా ఉంది, మోటారు సరిగ్గా ఉంది. లేనిది గుప్పిట్లో పట్టే ఇనుప ముక్క. షింగో అక్కడ చేసిందల్లా మెషీన్ ఆగి ఉన్నప్పుడే చేయాల్సిన పని ఏది, అది నడుస్తుండగానే ముందే చేసిపెట్టుకోగల పని ఏది అని రెండుగా విడదీయడం. బోల్టులు, వాషర్లు, స్పానర్లు డై వారీగా పెట్టెల్లో సర్దించాడు. కొత్త ప్రెస్సు కొనే మాట వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత 1969లో టయోటాలో 1,000 టన్నుల ప్రెస్సు మీద ఇదే దారిలో వెళ్లి, నాలుగు గంటల డై మార్పిడిని ముందు 90 నిమిషాలకూ, ఆ తర్వాత 3 నిమిషాలకూ తెచ్చాడు. ఈ రెండో కథే పుస్తకాల్లో ఎక్కువగా చెబుతారు, అంకెలు అంత అద్భుతంగా ఉంటాయి కాబట్టి. నాకు మాత్రం బోల్టు కథే విలువైనది. దానికి హిరోషిమా దాకా పోనక్కర్లేదు, ఈ సభ నుంచి కొండ దిగితే చాలు.

ఒకసారి మామయ్యతో షూటింగ్‌కి వెళ్లాను. జూబ్లీహిల్స్‌లో అద్దెకు తీసుకున్న బంగళా. అక్కడి రోడ్లు మీకు తెలిసినవే. బండరాళ్ల మీద వేసిన ఎత్తుపల్లాలు, మలుపులు. గేటు కారుకు సరిపోతుంది, లారీకి సరిపోదు. జనరేటర్ వ్యాన్ రోడ్డు మీదే ఓ వాలులో చక్రాల కింద రాళ్లు పెట్టుకుని నిలబడింది. కేబుల్ గోడ మీదుగా లోపలికి పాకింది. లైట్లు పెట్టారు, ట్రాక్ వేశారు, కెమెరా ట్రాలీ మీదకెక్కింది. హీరో కూడా టైముకే వచ్చాడు, నమ్మండి. అప్పుడు అసిస్టెంట్ డైరెక్టరు కంటిన్యూటీ ఫొటో తీసి చూసి తల పట్టుకున్నాడు. వెనకటి షెడ్యూల్లో ఇదే సీన్ సగం తీశారు, అందులో హీరో చేతికి వాచీ ఉంది. తోలు పట్టీ వాచీ. అది కృష్ణానగర్ గోడౌన్లో ఏదో ట్రంకు పెట్టెలో ఉంది. ఏ పెట్టెలోనో ఎవరికీ తెలియదు. మోటార్‌సైకిల్ మీద ఓ కుర్రాడు బయల్దేరాడు.

మామయ్య కేకలేయలేదు. పోర్టికోలో కుర్చీ వేసుకుని నన్ను కూర్చోమన్నారు. “ఒరేయ్, ఇప్పుడు చూడు” అని చూపించారు. మేకప్ వాళ్లు టచప్ చేస్తున్నారు. లైట్‌మెన్ నీడకు చేరారు. జూనియర్ ఆర్టిస్టులు మెట్ల మీద ఫోన్లు తీశారు. జనరేటర్ మాత్రం తిరుగుతూనే ఉంది, డీజిల్ తాగుతూనే ఉంది. కెమెరాకు అద్దె, లెన్సులకు అద్దె, బంగళాకు అద్దె, అందరికీ బేటా. “కెమెరా ఖాళీగా ఉందంటే కెమెరా వైపు చూడకూడదురా, గేటు వైపు చూడాలి” అన్నారు. గేటు దగ్గర ఇంకా ఎవరూ లేరు.

ఆయన ఆ తర్వాత చేసిన ఏర్పాటు మా ఫ్యాక్టరీలో మేం పెద్ద పేరు పెట్టి, బోర్డు రాయించి చేసినదానికన్నా మెరుగ్గా ఉంది. సీన్ నంబరు వారీగా గుడ్డ సంచులు కుట్టించారు. ఆ సీన్లో ఒంటి మీదా చేతిలోనూ ఉండే చిన్న వస్తువులన్నీ, వాచీ, కళ్లజోడు, ఉంగరం, తాళంచెవులు, చిరిగిన ఉత్తరం, ఆ సీన్ పూర్తయ్యేదాకా ఆ సంచి దాటి బయటికి పోకూడదు. ప్యాకప్ అయ్యాక సంచి లెక్క చూసి సంతకం పెట్టాలి. మేం దీన్ని కిట్ అనేవాళ్లం. ఒక అసెంబ్లీకి కావలసిన భాగాలన్నీ ఒకే ట్రాలీలో, ఒకే వరసలో మెషీన్ దగ్గరకు రావడం. ఒక్కటి తక్కువైనా ట్రాలీ స్టోర్స్ గడప దాటకూడదు. ట్రాలీ బయల్దేరిందంటే పని ఆగదని అర్థం.

ఇక లారీ సంగతి. ఔట్‌డోర్ యూనిట్ లారీ సర్దడం మీరెవరైనా దగ్గరగా చూశారా? చివర ఎక్కించిందే మొదట దిగుతుంది. ఇది తెలియని మనిషి లేడు. అయినా చాలా లారీల్లో బరువైనవి లోపలికి, తేలికవి పైకి అని సర్దుతారు, ఎక్కించేవాడికి అదే సుఖం. లొకేషన్‌కి వెళ్లాక మొదటి షాట్‌కి ట్రాక్, ట్రాలీ కావాలి. అవి లైట్ స్టాండ్ల కింద, స్కిమ్మర్ ఫ్రేముల కింద, కేబుల్ చుట్టల కింద ఉంటాయి. లారీ సగం ఖాళీ చేసి రోడ్డు మీద పరిస్తే గానీ ట్రాక్ బయటికి రాదు. ఈలోగా ఉదయపు ఎండ ఏటవాలు పోయి నడినెత్తికెక్కుతుంది. కెమెరామన్ కోరుకున్న వెలుతురు ఆ పూటకు దక్కదు.

మామయ్య ముందురోజు సాయంత్రం అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గర మొదటి మూడు షాట్లు అడిగి రాసుకునేవారు. లారీ వాటిని బట్టి తలకిందులుగా నిండేది. మొదటి షాట్ సామాను తలుపు దగ్గర. జనరేటర్ వ్యాన్ యూనిట్ కంటే ముందు బయల్దేరాలి, ఎందుకంటే అది ఎక్కడ నిలబడితే కేబుల్ అక్కణ్నుంచే. నగరంలో పగలు లారీల మీద ఆంక్షలున్నాయి కాబట్టి తెల్లవారకముందే చెక్‌పోస్ట్ దాటేయాలి. టిఫిన్ బండి మూడోది. ఇది చూసి ఒకాయన “అన్నం ముందా ఆయుధాలు ముందా?” అని వేళాకోళమాడాడట. మామయ్య జవాబు ఇక్కడ చెప్పదగింది కాదు.

పెద్ద ఫ్యాక్టరీలు చేసేది దీన్నే ఇంకా కచ్చితంగా. అనంతపురం ప్రాంతంలో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మొదట పెట్టుకున్న సామర్థ్యం ఏడాదికి మూడు లక్షల కార్లు. 300 పని దినాలు వేసుకుంటే రోజుకు 1,000. రాత్రింబవళ్లు నడిచినా ఒకటిన్నర నిమిషం లోపే ఒక కారు లైన్ దిగాలి. అంత వేగంలో, ఎర్ర కారు వెనక తెల్ల కారు, ఆటోమేటిక్ వెనక మాన్యువల్ వస్తుంటే, సీట్లూ బంపర్లూ లైన్ పక్కన గుట్టలు పోసుకుంటే సాగదు. అందుకే ఇలాంటి ఫ్యాక్టరీలు సప్లయర్లను చుట్టూ చేర్చుకుంటాయి. ఏ కారు వెనక ఏ కారు వస్తోందో వాళ్లకు ముందే వరస తెలుస్తుంది, సరుకు ఆ వరసలోనే లారీకెక్కుతుంది. కొన్ని వందల కోట్ల యంత్రాలు ఆగకుండా నడవడం ఆ లారీ లోపలి వరస మీద ఆధారపడి ఉంటుంది.

టయోటాలో ఇంకో ఏర్పాటుంది. లైన్‌కి సరుకు అందించే మనిషి, మిజుసుమాషి అంటారు. నిర్ణీత సమయానికి నిర్ణీత దారిలో తిరుగుతూ, ఖాళీ పెట్టె తీసుకుని నిండు పెట్టె పెడుతుంటాడు. లైన్ మీద పనిచేసేవాడు వస్తువు కోసం అడుగు కదపక్కర్లేదు. ఆ తిరిగే పనికి ఎవర్ని పెడతారో గమనించండి. లైన్ మీద అన్ని స్థానాల్లో పనిచేసి, ఎక్కడ ఏది ఎప్పుడు అయిపోతుందో తెలిసిన అనుభవజ్ఞుణ్ని. మనం? షూటింగ్‌లో వస్తువు తెచ్చే పని నిన్న చేరిన కుర్రాడిది. ఫ్యాక్టరీలో అందరికంటే తక్కువ జీతం ఉన్న కాంట్రాక్టు మనిషిది. కెమెరా అద్దె వేలల్లో, లక్షల్లో ఉంటే దాన్ని ఆడించేవాడో ఆపేవాడో అయిన మనిషిని బండిలో పెట్రోలు ఉందా అని అడిగే నాథుడు ఉండడు. నా ఉద్యోగ జీవితమంతా నేను పోట్లాడి గెలవలేకపోయిన విషయం ఇదే. మామయ్య కొంత గెలిచారు. ఆయన దగ్గర పదేళ్లు సామాను మోసిన మనుషులే తర్వాత మేనేజర్లయ్యారు. ఈ హాల్లో ఉన్నారు వాళ్లు.

దూరం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఫిల్మ్‌నగర్ పుట్టుకే దూరాన్ని తగ్గించుకున్న కథ. తెలుగు సినిమా మద్రాసులో ఎదిగింది. హైదరాబాద్‌లో అమీర్‌పేట సారథి స్టూడియో 1950ల నాటికే ఉంది, 1959లో ‘మా ఇంటి మహాలక్ష్మి’ అక్కడ తయారైంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ కొండల్లో 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియో మొదలుపెట్టారు. అదే కాలంలో ఎన్టీఆర్ నాచారంలో కట్టారు. తర్వాత కృష్ణగారి పద్మాలయా, రామానాయుడుగారి స్టూడియో ఇక్కడికే వచ్చాయి. చరిత్ర చెప్పేవాళ్లు దీన్ని ఆత్మగౌరవం కథగా, ప్రభుత్వ ప్రోత్సాహం కథగా చెబుతారు. అవీ నిజమే. ప్లానింగ్ వాడి కంటికి ఇంకొకటి కనపడుతుంది.

షూటింగ్ ఫ్లోర్లు ఇక్కడ ఉన్నా చాలాకాలం ఫిల్మ్ కడిగే ల్యాబ్ మద్రాసులోనే ఉంది. ఇక్కడ తీసిన నెగిటివ్ డబ్బాలకు టేపు చుట్టి, రోల్ నంబరు రాసి, రాత్రి రైలుకి మద్రాసు పంపాలి. అక్కడ కడిగి, ప్రింటు వేసి, రషెస్ చూసి, గీతలు పడలేదు, ఫోకస్ పోలేదు అని కబురు రావాలి. ఆ కబురొచ్చేదాకా సెట్ పీకడానికి లేదు. ఒకవేళ నెగిటివ్ పాడైతే మళ్లీ తీయాలి కదా. అంటే షూటింగ్ అయిపోయిన సెట్ ఫ్లోర్ మీద రోజుల తరబడి నిలబడి ఉండేది, తర్వాతి సినిమావాళ్లు ఫ్లోర్ కోసం వాకిట్లో కాచుకునేవాళ్లు. స్టూడియోకి ఫ్లోరే యంత్రం. ఆ యంత్రాన్ని ఆపింది 600 కిలోమీటర్ల అవతలి ల్యాబ్. ఎల్వీ ప్రసాద్‌గారి ల్యాబ్ బంజారాహిల్స్‌కి వచ్చాక ఒక్క ఇటుక కొత్తగా పేర్చకుండానే ఇక్కడి ప్రతి ఫ్లోరూ కొంచెం పెద్దదైంది. మంచి ఫ్యాక్టరీలో పీసులు పరీక్షించే గది మెషీన్లకు దగ్గరగా ఉండాలని పట్టుబట్టేది ఇందుకే. మొదటి పీసు రిపోర్టు వచ్చేదాకా ఆపరేటరు చేతులు కట్టుకు కూర్చుంటాడు.

1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ దీనికి ఇంకో సమాధానం చెప్పింది. 1,666 ఎకరాల్లో ఫ్లోర్లు, వీధులు, వడ్రంగి పని, దుస్తులు, ల్యాబు, హోటళ్లు అన్నీ ఒకే ప్రహరీ లోపల. ప్రపంచంలో అతిపెద్ద స్టూడియోగా గిన్నిస్‌కెక్కింది. గొప్ప ప్లాంట్ లేఅవుట్. కానీ అందులో పనిచేసే మనుషులు కృష్ణానగర్, యూసఫ్‌గూడ, ఇందిరానగర్లలో ఉంటారు, ఊరికి ఈ చివర. సామాను దారి పొట్టిదైంది, మనిషి దారి పొడవైంది. ఏ లేఅవుట్ అయినా ఏదో ఒక భారాన్ని ఎవరో ఒకరి నెత్తిన పెడుతుంది. ఎవరి నెత్తిన పెట్టామో తెలిసి పెట్టడమే ప్లానింగ్.

గచ్చిబౌలిలో మూతబడ్డ అల్యూమినియం ఫ్యాక్టరీ ఉంది కదా, ఏళ్ల తరబడి సెట్లు వేసుకున్నారు అక్కడ. ఆర్ట్ డైరెక్టర్లకు అది ఎందుకంత ఇష్టమో నాకొక ఊహ. ఫ్యాక్టరీ షెడ్డుకి ఎత్తుంటుంది, మధ్యలో స్తంభాల బెడద తక్కువ, తలుపులోంచి లారీ నేరుగా లోపలికొస్తుంది. అంటే సరుకు దారి గురించి ఎవరో ఇంజినీరు ఒకప్పుడు ఆలోచించి కట్టాడు. ఫ్యాక్టరీ పోయినా ఆ ఆలోచన సినిమాకు పనికొచ్చింది.

ఇక్కడ కొందరికి అభ్యంతరం ఉంటుంది. సినిమా కళ, ఫ్యాక్టరీ కాదు అని. డైరెక్టరు వ్యూఫైండర్ పట్టుకుని గంటసేపు తిరిగితే అది కూడా వృథాయేనా అని. కాదు. ఆలోచన పని. నటుడికి మాట పలికే తీరు దొరికేదాకా పది టేకులు తీస్తే అదీ పనే. నేను మాట్లాడేది ఎదురుచూపు గురించి, వాచీ కోసం, ట్రాక్ కోసం. ఆ ఎదురుచూపు ఖరీదు చివరికి కట్టేది ఎవరు? నిర్మాత అంటారు. నేను చూసినంతలో కళే కడుతుంది. పొద్దున రెండు గంటలు పోయిన యూనిట్ సాయంత్రం ఐదింటికి ఏం చేస్తుంది? పది షాట్లుగా అనుకున్న సీన్‌ని నాలుగు షాట్లలో లాగించేస్తుంది. క్లోజప్ ఎగిరిపోతుంది. రిహార్సల్ ఉండదు. “ఓకే, నెక్స్ట్” అంటారు. ఓఈఈలో మూడో భిన్నం, నాణ్యత, అక్కడ పడిపోతుంది. ఎవరి పుస్తకంలోనూ అది నష్టంగా రాయరు.

లెక్కను గుడ్డిగా నమ్మినా ప్రమాదమే. మా దగ్గర ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. జాబ్ మారిస్తే ఓఈఈ పడిపోతుందని ఒకే జాబ్ వారం రోజులు కొట్టించేవాడు. బోర్డు మీద అంకె మెరిసిపోయేది. అడగని సరుకు పెట్టెలకు పెట్టెలు నడవాల్లో చేరేది. ఫోర్క్‌లిఫ్ట్‌కి దారి మూసుకుపోయేది. అవతలి మెషీన్‌కి కావలసిన పెట్టె ఈ గుట్ట వెనక ఉండిపోయేది. ఒక మెషీన్ అంకె పెరిగి ఫ్యాక్టరీ నెమ్మదించింది. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో ‘ది గోల్’ అనే నవల రాసి చెప్పింది ఇదే. ఇరుకు దగ్గర పోయిన గంట ఫ్యాక్టరీ మొత్తానికి పోయిన గంట. ఇరుకు కాని చోట మిగిల్చుకున్న గంట ఒట్టి భ్రమ.

అందుకని ముందు ఇరుకు ఎక్కడో తెలియాలి. షూటింగ్‌లో అది రోజూ కెమెరా కాదు. ఔట్‌డోర్లో సూర్యుడే ఇరుకు, ఆయన అదనపు కాల్షీటు ఇవ్వడు. ఇద్దరు పెద్ద నటుల కాంబినేషన్ సీన్ అయితే వాళ్ల డేట్లే ఇరుకు. ఫిల్మ్ రోజుల్లో ముడి ఫిల్మ్ ఇరుకు. నిమిషానికి 90 అడుగులు పోతుంది. 400 అడుగుల రోల్ నాలుగున్నర నిమిషాలు కూడా రాదు, 1,000 అడుగులది 11 నిమిషాలు. కెమెరా అసిస్టెంటు నల్లటి చేంజింగ్ బ్యాగులో మోచేతుల దాకా చేతులు దూర్చి, కళ్లకు పని లేకుండా వేళ్లతోనే మ్యాగజైన్ లోడ్ చేసేవాడు. కెమెరా మీద ఒకటి నడుస్తుండగానే రెండోది లోడయి పక్కన ఉండాలి. లేకపోతే మొత్తం యూనిట్ అతని వేళ్లకేసి చూస్తూ నిలబడుతుంది. షింగో పుస్తకం చదవకుండానే మన అసిస్టెంట్లు షింగో చెప్పింది చేశారు.

డిజిటల్ వచ్చాక ఆ ఇరుకు పోయింది. కార్డు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి రోల్ చేస్తూనే ఉండండి అంటున్నారు. రెండు కెమెరాలు, మూడు కెమెరాలు. కెమెరా నడిచిన నిమిషాలు చూస్తే ఓఈఈ అదిరిపోతుంది. ఆ ఫుటేజీ అంతా ఎడిటింగ్ గదిలో గుట్టపడుతుంది, ఇరుకు అక్కడికి జరిగింది. కార్డుకీ ఒక దారుంది. తీసిన కార్డు, కాపీ అయిన కార్డు, బ్యాకప్ సరిచూసిన కార్డు, చెరపడానికి సిద్ధమైన కార్డు. ఈ నాలుగింటినీ నాలుగు పెట్టెల్లో పెట్టేవాడు ప్రశాంతంగా నిద్రపోతాడు. ఒకే పర్సులో పెట్టేవాడి నిద్ర గురించి నేనేమీ చెప్పను.

2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపేసి ఖర్చుల గురించి చర్చించారు, మీకు గుర్తుండే ఉంటుంది. పారితోషికాలు, టికెట్ ధరలు, ఓటీటీ గడువు, ఇవే బయట ఎక్కువగా వినిపించాయి. కాల్షీటు వేళలు పాటించాలి, రోజువారీ రిపోర్టు రాయాలి అన్న మాటలు కూడా ఆ నిర్ణయాల్లో ఉన్నాయి. అవి ఎవరి చెవినీ పెద్దగా పడలేదు. నాకు మాత్రం మిగతా అన్నిటికన్నా ఆ రెండో మాటే ముఖ్యం. రిపోర్టు ఏం రాయాలో తెలిస్తే.

ఇప్పుడు రాసే రిపోర్టుల్లో ఎన్ని షాట్లయ్యాయి, ఎవరెప్పుడు వచ్చారు అని ఉంటుంది. దానివల్ల తగువులు పెరుగుతాయి, పని పెరగదు. మామయ్య తన డైరీలో రాసుకున్నది వేరు. ఆగిన ప్రతిసారీ మూడు గడుల్లో మూడు ముక్కలు: ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆగింది, ఏ వస్తువు కోసం ఆగింది, ఆ వస్తువు ఆ సమయంలో ఎక్కడుంది. మనిషి పేరు రాసేవారు కాదు. పేరు రాస్తే రేపటినుంచి నిజం చెప్పరు అనేవారు. నెలాఖరుకు మూడో గడి చదివితే చాలు, లారీలో అడుగున, గోడౌన్లో, చాకలి దగ్గర, ఇంకా కొనలేదు, ఈ నాలుగైదు మాటలే మళ్లీ మళ్లీ వచ్చేవి. వాటిల్లో ఎక్కువసార్లు వచ్చినదాన్ని పట్టుకుని మరుసటి నెల ఆ ఒక్కటీ సరిచేసేవారు. మా ఫ్యాక్టరీలో అదే పద్ధతి పెడితే స్టోర్స్‌వాళ్లు మొదట కోప్పడ్డారు. తర్వాత వాళ్లే వచ్చి, ట్రాలీలు చాలవని మేం ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాం, ఇప్పుడు చూడండి అని ఆ కాగితమే చూపించి ట్రాలీలు కొనిపించుకున్నారు.

ఆ మూడు గడుల కాగితం మామయ్య చిన్నమ్మాయి మళ్లీ అచ్చు వేయించింది. తలుపు పక్కన బల్ల మీద కట్టలు కట్టి పెట్టారు. షెడ్యూల్ మొదలయ్యేవాళ్లు ఎన్ని కావాలంటే అన్ని తీసుకువెళ్లండి. పెన్సిల్‌తో రాయమని చెప్పండి, ఔట్‌డోర్లో పెన్ను అక్షరాలు చెమటకు చెదిరిపోతాయి.